ఆ 120 గ్రాముల పొట్లం

బీటీ పత్తి విత్తనం మన దేశంలో అమ్మకానికి వచ్చిన 2002 నుంచి చాలా ఏళ్లపాటు ప్రతి డబ్బాలోనూ రెండు పొట్లాలు ఉండేవి. పెద్దది 450 గ్రాములు, బీటీ విత్తనం. చిన్నది 120 గ్రాములు, నాన్ బీటీ. చేను చుట్టూ ఐదు వరుసలు గానీ, చేనులో ఐదోవంతు గానీ, రెండిట్లో ఏది ఎక్కువైతే అంతమేర ఆ చిన్న పొట్లం విత్తనం వెయ్యాలన్నది నిబంధన. గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా అత్యధిక రైతులు వెయ్యలేదు. కొందరు గట్టు మీదే పారేశారు. కొందరు మొలక రాని చోట ఖాళీలు నింపుకోవడానికి వాడుకున్నారు.

పదమూడేళ్లు తిరిగేసరికి గులాబీ రంగు పురుగు పత్తికాయలో స్థిరపడి, చెట్టులో ఉన్న రెండు విషాలనూ తట్టుకుంటూ గింజలు తినేస్తోంది.

రైతు పొట్లం పారేశాడు కాబట్టి పురుగు గెలిచిందని తేల్చేయడం తేలిక. వ్యవసాయ సదస్సుల్లో తరచూ వినిపించే తీర్పు కూడా అదే. అది సగం నిజం కూడా కాదు. దేశం మొత్తానికి మేలు చేసే పనిని తీసుకెళ్లి రెండెకరాల రైతు మీద, పైసా పరిహారం లేకుండా పెట్టారు. అతను చెయ్యకపోతే తప్పు అతనిదే అన్నారు. అసలు లోపం ఆ ఏర్పాటులోనే ఉంది. ఇంకో పంటలో అదే ఏర్పాటు మళ్లీ తెస్తే ఫలితమూ అదే.

పత్తి అంటే వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు, కర్నూలు గుర్తొస్తాయి తప్ప ఏలూరు గుర్తు రాదు. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు, డెల్టా వైపు వరి, మెట్టకు వెళితే ఆయిల్‌పామ్, పొగాకు, మొక్కజొన్న. కుక్కునూరు, వేలేరుపాడు వైపు పత్తి ఉన్నా జిల్లా లెక్కల్లో అది కొంచెమే. అయినా ఈ కథలో ఏలూరు జిల్లాకు భాగం ఉంది. మామిడికీ వీణలకూ పేరుపడ్డ నూజివీడు 2022 నుంచి ఈ జిల్లాదే. ఆ ఊరి పేరే పెట్టుకుని 1973లో మొదలైన విత్తన కంపెనీ దేశంలో బీటీ పత్తి విత్తనాన్ని అత్యధికంగా అమ్మిన సంస్థల్లో ఒకటి. బీటీ జన్యువు మీద పేటెంట్ హక్కు విషయంలో అమెరికన్ కంపెనీ మోన్‌శాంటోతో దాని వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2019లో అక్కడ తీర్పు వచ్చింది. అంతకన్నా పెద్ద కారణం మొక్కజొన్న. చింతలపూడి, కామవరపుకోట, పెదవేగి మెట్టల్లో ఆ పంట మీద ఇప్పుడున్న శత్రువు, అమెరికా ఖండాల్లో బీటీ మొక్కజొన్నను ఓడించిన పురుగే. దాని సంగతికి ముందు పత్తి సంగతి పూర్తిగా తెలియాలి.

మందుకు పురుగు లొంగకపోవడం తెలుగు నేలకు బీటీతో వచ్చిన కష్టం కాదు. 1980 దశకం మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ వంటివి కొట్టిన తొలి ఏళ్లలో శనగపచ్చ పురుగు టపటపా రాలిపోయేది. 1987-88 సీజన్‌కు కోస్తా నల్లరేగళ్లలో ఎన్నిసార్లు కొట్టినా చావలేదు. తెల్లదోమ కూడా తోడైంది. ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేసింది అప్పుడే. ఆంధ్రప్రదేశ్ నుంచి సేకరించిన శనగపచ్చ పురుగుల మీద పరీక్షలు జరిపిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు, వాటిలో పైరిత్రాయిడ్లను తట్టుకునే శక్తి వచ్చిందని 1989లో ప్రచురించారు. పదేళ్లకు, 1997-98లో, వరంగల్ వంతు వచ్చింది. ఈసారి పొగాకు లద్దెపురుగు. దుకాణంలో ఉన్న మందులన్నీ కలిపి కొట్టినా ఆగలేదు.

ఆ గాయం ఆరకముందే 2002 మార్చి 26న కేంద్ర పర్యావరణ శాఖలోని జన్యుమార్పిడి అనుమతుల కమిటీ (జీఈఏసీ) మూడు బీటీ హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. మందు కొట్టే పని లేకుండా చెట్టే పురుగును చంపుతుందని విని రైతులు ఎగబడ్డారంటే ఆశ్చర్యం ఏముంది? కొద్ది ఏళ్లలోనే దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ ఆక్రమించింది. శనగపచ్చ పురుగు మీద వాడే మందు బాగా తగ్గింది. ఆ మేలును కాదనడం అన్యాయం.

చెట్టు పురుగును ఎలా చంపుతుంది?

మట్టిలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా ఉంది. పేరులోని తొలి అక్షరాలే బీటీ. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు ఎందుకు చస్తున్నాయో వెతుకుతుంటే బయటపడింది. తర్వాత జర్మనీలోని తురింగియా ప్రాంతం పేరు మీదుగా దానికి ఈ పేరు వచ్చింది. ఈ బాక్టీరియా తనలో ప్రోటీన్ పలుకులు తయారుచేసుకుంటుంది. పురుగు వాటిని తింటే, దాని కడుపులోని క్షారగుణానికి అవి కరుగుతాయి. జీర్ణరసాలు ఆ ప్రోటీన్‌ను కత్తిరించి విషంగా మారుస్తాయి. ఆ విషం పేగు గోడ మీద ఉండే కొన్ని గ్రాహకాలకు అతుక్కుని గోడకు రంధ్రాలు పెడుతుంది. పురుగు మేత మానేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది. మనిషి కడుపులో ఉన్నది ఆమ్లం, పైగా ఆ గ్రాహకాలు మనలో లేవు. పత్తిలోకి ఎక్కించింది ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువునే. మొదట క్రై1ఏసీ అనే ఒక్క ప్రోటీన్‌తో బోల్‌గార్డ్ వచ్చింది. 2006లో దానికి క్రై2ఏబీ కూడా కలిపి బోల్‌గార్డ్-2 తెచ్చారు.

విషం పనిచెయ్యాలంటే గ్రాహకానికి అతుక్కోవాలి. గ్రాహకం రూపం మారితే అతుక్కోదు. పురుగు గెలుపు మర్మం ఇదే. గులాబీ పురుగులో క్రై1ఏసీ అతుక్కునే గ్రాహకం పేరు క్యాడ్‌హెరిన్. మన దేశపు గులాబీ పురుగుల్లో ఆ జన్యువు ఒక రకంగా కాదు, ఎన్నో రకాలుగా చెదిరిపోయి ఉందని అమెరికన్, భారతీయ శాస్త్రవేత్తలు కలిసి 2014లో చూపించారు. క్రై2ఏబీని తట్టుకునే శక్తికి ఏబీసీఏ2 అనే మరో జన్యువులో మార్పులు కారణమని తర్వాత తేలింది. పురుగు ఏదీ నేర్చుకోలేదు, పన్నాగాలు పన్నలేదు. అలాంటి మార్పులున్న పురుగులు బీటీ పుట్టకముందు నుంచే అక్కడక్కడా ఉన్నాయి. బీటీ చేసింది మిగతావాటిని చంపి వాటికి చోటు ఖాళీ చెయ్యడం.

కాస్త లెక్క వేస్తే ఇది ఎంత త్వరగా జరుగుతుందో తెలుస్తుంది. విషాన్ని తట్టుకునే జన్యు ప్రతి వెయ్యిలో ఒకటి ఉందనుకుందాం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అదే రకంగా వచ్చిన పురుగు పది లక్షల్లో ఒకటి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవి వెయ్యికి రెండు. చెట్టులో విషం మోతాదు గట్టిగా ఉంటే ఒక్క ప్రతి ఉన్నది కూడా చస్తుంది, రెండూ ఉన్నది మాత్రమే బతుకుతుంది. పది లక్షల్లో ఒకటి అంటే అరుదే. కానీ మిగిలినవన్నీ చచ్చాక బతికినవాటికి జత దొరికేది తమలాంటి మరో మొండిదే. వాటి పిల్లలన్నీ మొండివే. ఒక్కో ఆడ రెక్కల పురుగు వందకు పైగా గుడ్లు పెడుతుంది. నెలకొక తరం. సీజన్‌కు నాలుగైదు తరాలు.

అదే చేను అంచున ఐదు వరుసల మామూలు పత్తి ఉంటే కథ వేరేగా నడుస్తుంది. అక్కడ విషం తగలని మామూలు పురుగులు వేలల్లో పెరుగుతాయి. బీటీ చెట్టు మీద బతికి బయటపడ్డ ఆ ఒక్క మొండిదానికి జతగా దొరికేది వీటిలో ఒకటే. పుట్టే పిల్లలకు మొండి ప్రతి ఒక్కటే వస్తుంది కాబట్టి బీటీ ఆకు కొరికితే చస్తాయి. మొండితనం ప్రతి తరంలోనూ కొట్టుకుపోతుంది. 120 గ్రాముల పొట్లం ఉన్నది అందుకు. దాని పని తన చేనులో పురుగును చంపడం కాదు, ఊళ్లో లొంగే పురుగును మిగల్చడం. ఈ మాటను రైతుకు విడమర్చి చెప్పిన వాళ్లు ఎంతమంది?

మరి శనగపచ్చ పురుగు బీటీకి అంత త్వరగా ఎందుకు ఎదురు తిరగలేదు? నాన్ బీటీ పొట్లాలు దానికోసమూ ఎవరూ వెయ్యలేదు కదా! ఇక్కడే అసలైన తేడా. శనగపచ్చ పురుగు పత్తి ఒక్కటే తినదు. కంది, శనగ, మిరప, టమాటా, జొన్న, పొద్దుతిరుగుడు అన్నీ తింటుంది. పత్తి చేను పక్కనే కంది సాళ్లు, అవతల శనగ, దొడ్డిలో టమాటా. ఈ బహుళ పంటల పద్ధతి మన రైతులు తమ బతుకు కోసం పెట్టుకున్నది. లొంగే పురుగును పోషించే పనిని అది ఎవరూ అడక్కుండా, ఎవరికీ ఖర్చు లేకుండా చేసిపెట్టింది. గులాబీ పురుగుకు పత్తి తప్ప ఆధారం దాదాపు లేదు. దానికి ఆశ్రయం కావాలంటే నాన్ బీటీ పత్తే ఉండాలి. దేశంలో అది దాదాపు మాయమైంది. రెండు పురుగులకూ ఒకే నిబంధన పెట్టిన నాడే ఈ తేడా తెలిసినవాళ్లు ఉన్నారు. గులాబీ పురుగు కోసం వేరే ఏర్పాటు కావాలన్న మాట విధానంగా మారలేదు.

ఆపదను పెంచినవి మరో రెండున్నాయి. రెండూ మన దేశపు ప్రత్యేకతలే.

ఒకటి హైబ్రిడ్. చైనా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో బీటీ ఎక్కువగా సూటి రకాల్లో ఉంది. మన దగ్గర దాదాపు మొత్తం హైబ్రిడ్లలో పెట్టారు, ఎందుకంటే హైబ్రిడ్ విత్తనం రైతు దాచుకోలేడు, ఏటా కొనాలి. హైబ్రిడ్ మొక్కలో బీటీ జన్యువు ఒక వైపు నుంచే వస్తుంది. ఆ మొక్క కాయలో కట్టే గింజలకు అది సమంగా అందదు. రెండు బీటీ జన్యువులున్న మొక్క కాయలో సగటున 16 గింజలకు తొమ్మిదింట్లోనే రెండు విషాలూ ఉంటాయి. మూడింట్లో ఒకటే, మరో మూడింట్లో రెండోదే, ఒకదాంట్లో ఏదీ ఉండదు. శనగపచ్చ పురుగు కాయల మీద కాయలు తొలిచి తిరుగుతుంది. గులాబీ పురుగు ఒక్క కాయలోకి దూరి అక్కడే గింజ తర్వాత గింజ తింటుంది. కొంత విషం, కొంత ఒట్టి గింజ. అరకొర మోతాదులో మొండివాటిని ఏరి బతికించే చోటు ఆ కాయలోనే ఏర్పడింది.

రెండోది కాలం. విత్తిన నాలుగో నెలలోకి వచ్చేసరికి చెట్టులో క్రై1ఏసీ మోతాదు పడిపోతుందని నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు బీటీ వచ్చిన తొలి ఏళ్లలోనే కొలిచి చెప్పారు. గులాబీ పురుగు ఉద్ధృతి మొదలయ్యేది సరిగ్గా ఆ సమయంలోనే. మన హైబ్రిడ్లు ఆరేడు నెలలవి. నీటి వసతి ఉంటే రెండో కాపు కోసం ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచుతారు. మోతాదు తగ్గిన చెట్టు, చివరి తరాల పురుగు, మూడు నెలల అదనపు మేత. ఆ తర్వాత మోళ్లు చేనులోనే, తీసిన పత్తి ఇంట్లో, గింజలు జిన్నింగు మిల్లులో. గింజల లోపల నిద్రపోయే పురుగు మళ్లీ జూన్‌కు సిద్ధం.

మొదటి దెబ్బ గుజరాత్‌లో తగిలింది. అనుమతి రాకముందే, 2001లో, అక్కడ దొంగ బీటీ విత్తనం పట్టుబడింది. ఆ విత్తనానికి నిబంధనలూ లేవు, చిన్న పొట్లమూ లేదు. అమ్రేలి, భావ్‌నగర్, జూనాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో గులాబీ పురుగు క్రై1ఏసీని తట్టుకుంటోందని 2010 మార్చిలో మోన్‌శాంటోయే ఒప్పుకుంది. బోల్‌గార్డ్-2 వెయ్యండి, రెండు విషాలున్నాయి కదా అన్నారు. ఒక విషాన్ని అప్పటికే జయించిన పురుగుకు మిగిలింది ఒక్కటే. 2014, 15 నాటికి అదీ అయిపోయింది. మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు వ్యాపించింది. 2021లో పంజాబ్ కూడా గగ్గోలు పెట్టింది. పొద్దున పూత చూస్తే రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు. పైకి నిండుగా కనిపించే కాయ పగలగొడితే పుచ్చిన గింజలు, రంగు మారిన దూది.

అప్పుడు డబ్బా స్ప్రేయర్లు మళ్లీ భుజానికెక్కాయి. ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల ఉన్న యవత్‌మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందులు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. బీటీ రాకముందు పురుగుమందుల మీద పెట్టినదానికన్నా రైతు ఇప్పుడు ఎక్కువ పెడుతున్నాడని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ మాజీ డైరెక్టర్ కేశవ్ క్రాంతి, వరంగల్ పల్లెల్లో ఏళ్లపాటు పనిచేసిన మానవశాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ కలిసి 2020లో రాశారు. ఆ పెరుగుదలలో రసం పీల్చే పురుగుల వాటా కూడా పెద్దదే.

ఒక జన్యువు పనిచెయ్యడం మానేస్తే ఆ మందు అంతా ఎటు పోతుందో కొల్లేటి ప్రాంతంవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు మెట్టల నీటిని తెచ్చి కొల్లేట్లో కలుపుతాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. నడుమ ఉన్నవి రామ్సార్ గుర్తింపు పొందిన సరస్సు, చుట్టూ చెరువుల్లో చేప. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణంలో వందలమంది ఒక్కసారిగా మూర్ఛలతో ఆస్పత్రిలో చేరినప్పుడు నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి కూడా వెళ్లింది. లొంగే పురుగు ఎంత విలువైన ఆస్తో ఈ ఊరికి అర్థమైనంతగా ఇంకో ఊరికి అర్థం కాదు.

రైతు ఎందుకు వెయ్యలేదో అతని వైపు నుంచి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం రెండున్నర ఎకరాల లోపే. ఎకరంలో 20 సెంట్లు పురుగుకు వదిలెయ్యమంటే, కౌలు కట్టి, అప్పు తెచ్చి సాగు చేసేవాడు వదలగలడా? వదిలినా లాభం పక్క చేనుకు, వచ్చే ఏడుకు, బహుశా పక్క జిల్లాకు. నష్టం ఈ ఏడు ఇతనికి. పక్కవాళ్లెవరూ వెయ్యనప్పుడు ఇతనొక్కడు వేస్తే ఫలితం లేదు. అందరూ వేస్తే ఇతనొక్కడు వెయ్యకపోయినా పరవాలేదు. ఈ చిక్కుముడిని ఏ రైతూ ఒంటరిగా విప్పలేడు. పైగా ఎన్నో బీటీ హైబ్రిడ్లు మార్కెట్లో ఉన్న రోజుల్లో ఏ పేరు కొనాలో తెలియక దుకాణదారు మాటో, పక్కింటివాడి మాటో పట్టుకుని ఏటా విత్తనం మార్చేవాడు. వరంగల్ రైతుల్లో ఈ పరిస్థితిని స్టోన్ 2007లోనే రికార్డు చేశారు. విత్తనం గుణమే తేల్చుకోలేని చోట చిన్న పొట్లం మర్మం ఎవరికి పట్టింది?

ప్రభుత్వాలకు చేతకాదా అంటే, చేతవుతుంది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీటీ విత్తనం ధర మీద గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లి, 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్‌ను 750 రూపాయలకు దించింది. మిగతా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 2016 నుంచి ధరను కేంద్రమే నిర్ణయిస్తోంది. ధర మీద చూపిన ఆ పట్టుదలలో నాలుగో వంతు చిన్న పొట్లం మీద చూపి ఉంటే! విత్తనం ధరలోంచి కొంత తీసి, నాన్ బీటీ వేసిన వరుసలకు దిగుబడి నష్టం కట్టిస్తామని చెప్పిన ప్రభుత్వం ఒక్కటీ లేదు. ఇప్పుడు 450 గ్రాముల బీటీలోనే 25 గ్రాముల నాన్ బీటీ కలిపి 475 గ్రాముల ప్యాకెట్‌గా అమ్ముతున్నారు. రైతు మీద భారం తీసేసిన మంచి మార్పే. కానీ రెండు విషాలూ ఓడిపోయాక వచ్చింది.

ఇంకోలా జరగదా? జరిగింది. ఇదే గులాబీ పురుగు, ఇదే క్రై1ఏసీ అరిజోనాలో పదేళ్లు కలిసి ఉన్నా పురుగు లొంగుతూనే ఉంది, ఎందుకంటే అక్కడ నాన్ బీటీ చేలు నిజంగా వేశారు. ఆ తర్వాత 2006 నుంచి 2009 దాకా 200 కోట్లకు పైగా గొడ్డు రెక్కల పురుగులను విమానాలతో చేల మీద వదిలారు. బతికిన మొండి పురుగుకు జత దొరికినా సంతానం పుట్టని ఏర్పాటు అది. 2018 అక్టోబరులో అమెరికా తమ పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించింది. చైనాలో యాంగ్ట్సీ లోయ రైతులు ఖర్చు తగ్గించుకోవడానికి హైబ్రిడ్ పత్తి గింజలనే మరుసటి ఏడు విత్తారు. వాటిలో నాలుగో వంతు బీటీ లేనివి. ఎవరూ ఆదేశించని ఆ మిశ్రమం వల్ల పెరుగుతున్న మొండితనం వెనక్కి తగ్గిందని 2017లో తేలింది. ఆస్ట్రేలియాలో బీటీ పత్తి వేసేవాడు మందు కొట్టని కంది చేను కూడా వెయ్యవచ్చు, ఆశ్రయంగా లెక్క. ఏదో ఒక ఆశ్రయం వెయ్యకపోతే విత్తనమే ఇవ్వరు. మూడు దేశాలు, మూడు దారులు. అన్నిటా మొండితనం నిలవలేదు.

బీటీని సమర్థించేవాళ్లు జన్యువు మంచిదే, రైతు పాడుచేశాడంటారు. వ్యతిరేకించేవాళ్లు జన్యువే పాపం, అందుకే చెడింది అంటారు. రెండు మాటలూ మారుటేరు ముందు నిలబడవు. పశ్చిమ గోదావరిలోని ఆ వరి పరిశోధనా కేంద్రం 1925 నుంచి పనిచేస్తోంది. అక్కడ పుట్టిన స్వర్ణ దేశమంతా పాకింది. సుడిదోమను తట్టుకునే విజేత, కాటన్‌దొర సన్నాలు, ఇంద్ర కూడా అక్కడివే. వీటిలో ఏ బాక్టీరియా జన్యువూ లేదు, అన్నీ మామూలు సంకరాలే. అయినా దోమ విషయంలో భయం అదే. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో ఇచ్చిన ఐఆర్ 26 దోమను తట్టుకుంటుందని పేరు తెచ్చుకుని, నాలుగేళ్లు తిరక్కుండానే ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో లొంగిపోయింది. హవాయిలో బీటీని చెట్టులో పెట్టకుండా పిచికారీగానే కొట్టినా, డైమండ్‌బ్యాక్ పురుగు మొండికెత్తిందని 1990లోనే తెలిసింది. జన్యువు ఎక్కడి నుంచి వచ్చిందన్నది పురుగుకు అక్కర్లేదు. ఒకే ఆయుధాన్ని లక్షల ఎకరాల్లో, ఏడాది పొడవునా, విరామం లేకుండా వాడటమే దానికి కావలసింది.

విరామం ఎలా పాటించాలో డెల్టాకు ఒకరు నేర్పాలా? ఏటా వేసవిలో విజ్జేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తే తాడేపల్లిగూడెంలోనూ ఏలూరులోనూ నీళ్లు ఒకేసారి ఆగుతాయి. దాళ్వా ఊడ్పు ఆలస్యమైతే కాలువ కట్టే తేదీ గుర్తొచ్చి రైతు తొందరపడతాడు. నా ఒక్క చేనుకు మే నెలంతా వదలండని ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ ఇవ్వరు. నీటి విషయంలో ఊళ్లన్నీ కలిసి పాటించే ఈ కట్టుబాటును పురుగు విషయంలో పెట్టడం అసాధ్యమేమీ కాదు. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో తీత అయ్యాక మోళ్లు తీసెయ్యాలన్న చట్టం దశాబ్దాలు నడిచింది. పత్తి జిల్లాల్లో డిసెంబరు చివరికి ఆఖరి తీత, ఆ వెంటనే గొర్రెల మేపు, మోళ్ల తొలగింపు, జిన్నింగు మిల్లుల్లో లింగాకర్షక బుట్టలు. ఇవన్నీ ఎన్నో ఏళ్లుగా సిఫారసులుగా ఉన్నాయి. సిఫారసుగా ఉన్నంతకాలం పాటించేవాడు నష్టపోతాడు. తక్కువ కాలపు రకాలను దగ్గర దగ్గరగా వేసే అధిక సాంద్రత సాగు ఈ కట్టుబాటుకు సాయపడుతుంది, విత్తనం కొరత లేకుండా చూస్తే.

ఇప్పుడు మొక్కజొన్న. కత్తెర పురుగు 2018 మేలో కర్ణాటకలో కనిపించి, ఆ ఏడే తెలుగు రాష్ట్రాలకు వచ్చింది. పుట్టిల్లు అమెరికా ఖండాలు. క్రై1ఎఫ్ అనే బీటీ ప్రోటీన్ ఉన్న మొక్కజొన్నను అది ప్యూర్టోరికోలో 2006కే తట్టుకుంది. తర్వాత బ్రెజిల్‌లోనూ అదే జరిగింది. మన దేశంలో బీటీ మొక్కజొన్నకు వాణిజ్య అనుమతి ఇంతవరకు లేదు. వస్తుందనే అనుకోవాలి, ఎందుకంటే ఒత్తిడి ఉంది, రైతు బాధ నిజమైనది. చింతలపూడి మెట్టలో సుడిలో మందు పోస్తూ నడుము విరుచుకునే కూలీకి ఇంతకన్నా మేలైన దారి దొరకాల్సిందే.

అనుమతి రాకముందే ఏలూరు జిల్లా రైతు సంఘాలు అడగాల్సినవి ఉన్నాయి. ఆశ్రయ చేను వేసిన రైతుకు సెంటుకు ఇంత అని నష్టం ఎవరు కడతారు, విత్తన కంపెనీయా, ప్రభుత్వమా, ఎన్ని రోజుల్లో? కొలమానం రైతు చేనా, ఊరి ఆయకట్టా? ఊరే అయితే పది శాతం ఎక్కడ వెయ్యాలో పంచాయతీయే నిర్ణయించి, అక్కడి రైతులకే మొత్తం పరిహారం ఇవ్వొచ్చు. ప్రతి రెండెకరాలకూ ఐదు వరుసలు లెక్కపెట్టే పని ఉండదు. పురుగు లొంగుతోందా లేదా అని ఏటా పరీక్షించిన ఫలితం జిల్లాల వారీగా ఎప్పుడు, ఎక్కడ ప్రచురిస్తారు? పత్తి విషయంలో ఆ ఫలితాలు శాస్త్ర పత్రికల్లో కనబడేసరికి పురుగు ఎన్నో తరాలు ముందుకు వెళ్లిపోయేది. మొండి పురుగు ఒక మండలంలో కనిపిస్తే ఆ విత్తనం అమ్మకం అక్కడ ఆపే అధికారం ఎవరికి ఉంటుంది?

ఈ జిల్లాకు ఇంకో చిక్కుంది. మొక్కజొన్న ఇక్కడ ఒక సీజన్ పంట కాదు. మెట్టలో ఖరీఫ్‌లోనూ రబీలోనూ వేస్తారు. కొన్నిచోట్ల సార్వా వరి కోసిన చేలల్లో మళ్లీ మొక్కజొన్నే. వీటన్నిటికీ తోడు హైబ్రిడ్ కంపెనీల కోసం పెంచే విత్తన మొక్కజొన్న చేలు. ఏ నెలలో చూసినా ఎక్కడో ఒక చోట లేత సుడి పచ్చగా ఉంటుంది. రాత్రిపూట చాలా దూరం ఎగిరే రెక్కల పురుగుకు చింతలపూడి, పెదవేగి, దెందులూరు వేర్వేరు ఊళ్లు కావు. ఎక్కడ ఏ నెలలో మొక్కజొన్న ఉంటుంది, కంపెనీ విత్తన చేలు ఎక్కడున్నాయి, ఆశ్రయ చేలు ఎక్కడ పెట్టాలి, ఏ నెలల్లో మొక్కజొన్న లేకుండా ఉంచగలం అన్న పటం ఇప్పటికిప్పుడు గీయడం మొదలుపెట్టవచ్చు. వ్యవసాయ శాఖ దగ్గర ఈ-పంట నమోదు ఉంది, సర్వే నంబర్లతో సహా.